ఫామ్‌హౌస్ పార్టీ: రాత్రి క్షేమంగా ఇల్లు చేరడం, పొద్దున హ్యాంగోవర్ లేకుండా లేవడం ఎలా?

ప్రశ్న: హల్దీ_ఏర్పాట్లు

అందరికీ నమస్కారం. మా బ్యాచ్‌లో ఒకడి పెళ్ళి కుదిరింది. వచ్చే శనివారం రాత్రి మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్ మాట్లాడాం. మొత్తం 12 మందిమి. రాత్రి 8కి మొదలవుతుంది. 12 తర్వాత ఆరుగురు ఇళ్ళకు వెళ్ళిపోవాలి: ఇద్దరు మియాపూర్, నలుగురు ఎల్బీనగర్, ఉప్పల్ వైపు. మిగతా ఆరుగురం అక్కడే పడుకుంటాం. ఆదివారం పొద్దున 10 గంటలకు కూకట్‌పల్లిలో పెళ్ళికొడుకు హల్దీ. వాళ్ళమ్మ మరీ మరీ చెప్పారు, మొహం పీక్కుపోయి రాకూడదని.

మా దగ్గర మూడు కార్లు, నాలుగు బైకులు ఉన్నాయి. తెలుసుకోవాల్సినవి ఇవి:

రాత్రి వెళ్ళేవాళ్ళను ఎలా పంపాలి? క్యాబ్ బుక్ చేస్తే సరిపోతుందా?
రాత్రి పడుకుని పొద్దున 8కి లేచి కారు నడిపితే ఫర్వాలేదా?
హ్యాంగోవర్ రాకుండా ముందే ఏం చేయాలి? ఏమేం కొని పెట్టుకోవాలి?
మాలో ఒకడికి షుగర్ ఉంది, గ్లిమిపిరైడ్ వేసుకుంటాడు. వాడు తాగొచ్చా?

ఫామ్‌హౌస్‌లో స్విమ్మింగ్ పూల్ కూడా ఉంది. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.


జవాబు: స్టీరింగ్_సాంబన్న

తమ్మీ, ముందుగాల్ల ఒక్క మాట. కార్లు, బైకులు ఆడికి తీస్కపోవుడే బంద్ పెట్టున్రి. బండి గేటు కాడ నిలబడి ఉండి తాళం జేబుల ఉంటే, రాత్రి 12కు ఎవడో ఒకడు "నాకేం కాలే, నేను నడుపుత" అంటడు. అప్పుడు ఆపెటోడు కూడా తాగే ఉంటడు. బండే లేకుంటే ఆ లొల్లే ఉండదు.

క్యాబ్ మీద భరోసా పెట్టకు. మొయినాబాద్ దిక్కు రాత్రి 11 దాటినంక యాప్‌ల బుక్ అయితది గానీ బండి రాదు. వాపస్ వచ్చేటప్పుడు కిరాయి దొరకదని డ్రైవర్ క్యాన్సిల్ కొడతడు. నాలుగు సార్లు క్యాన్సిల్ అయితే పిల్లలు విసుగొచ్చి ఎవడిదో బైక్ అడుగుతరు. ముందే షెడ్యూల్ చేసిపెట్టినా గ్యారంటీ లేదు, ఆ టైముకు దగ్గర్ల బండి ఉంటేనే పంపుతరు. మెట్రో సంగతి మర్చిపో, మీరు లేచేసరికి ఆఖరి బండి ఎల్లిపోయి ఉంటది.

ఇట్ల చెయ్యి. సాయంత్రం పోయేటప్పుడు అందరికి కలిపి 12 సీట్ల టెంపో ట్రావెలర్ ఒకటి మాట్లాడు, దింపి ఎల్లిపోతది. రాత్రి తిరిగొచ్చెటోళ్ళకు రెండు బండ్లు గావాలె. ఎందుకంటే అప్పా జంక్షన్ కాడ దారులు చీలుతయి. మియాపూర్ పోయేటిది ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి గచ్చిబౌలి దిక్కు పోతది. ఎల్బీనగర్, ఉప్పల్ పోయేటిది ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట మీదుగ పోతది. ఒక్క బండిల ఆరుగురిని ఎక్కించి ఊరంత తిప్పితే ఆఖరోడు ఇల్లు చేరేసరికి రెండున్నర అయితది, నడుమల వాంతులు ఖాయం. ఇద్దరికి చిన్న కారు, నలుగురికి ఏడు సీట్ల బండి. పొద్దుగాల మిగిలిన ఆరుగురికి ఇంకో ఏడు సీట్లది, 7:30కు గేటు కాడ ఉండాలె.

మాట్లాడేటప్పుడు ఇవి అడుగు: 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీనా? ఎక్స్‌ట్రా కిలోమీటరుకు ఎంత, గంటకు ఎంత? టోల్ ఎవరిది? డ్రైవర్ బత్తా అండ్లనే ఉన్నదా? బండి 10:30కే రప్పించు. డ్రైవర్‌కు ఆడనే అన్నం పెట్టి, గంటన్నర నడుం వాల్చెటందుకు జాగ చూపియ్. శనివారం పొద్దుగాల నుంచి స్టీరింగ్ మీద ఉన్నోడు రాత్రి ఒంటిగంటకు కండ్లు మూస్తడు. మంచితనానికి పోయి డ్రైవర్‌కు పెగ్ పోసెటోడు ప్రతి పార్టీల ఒకడుంటడు. వాడిని ముందే మందలియ్యి, చేతులెత్తి మొక్కుత.

ఆరుగురి ఇండ్ల లొకేషన్లు, ఇంట్ల ఎవరిదన్న ఒకరి నంబరు సాయంత్రమే డ్రైవర్ ఫోన్ల వెయ్యి. రాత్రి అడిగితే పిల్లగాడు వాళ్ళ గల్లీ పేరు కూడ తిన్నగ చెప్పలేడు. ముందు సీట్ల తక్కువ తాగినోడు కూసోవాలె, నిద్రపోవద్దు, డ్రైవర్‌తోని మాట్లాడుకుంట పోవాలె. బాగ తాగినోడిని ముందు కూసోబెడితే హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యేస్తడు. వాంతి వచ్చెటట్టు ఉన్నోడిని నడిమి వరసల ఎడమ కిటికీ పక్కకు, చేతిల రెండు కవర్లు. వెనుక డోర్లకు చైల్డ్ లాక్ వెయ్యమను. వెనుక కూసున్నోళ్ళు గూడ బెల్టు పెట్టుకోవాలె.

గల్లీ మొగల దింపుడు కాదు, గేటు కాడ దింపాలె. తలుపు తీసి లోపలికి పోయినంకనే బండి కదలాలె. బైక్ ట్యాక్సీ మాత్రం ఎవరికి ఎక్కియ్యకు. వెనుక కూసున్నోడికి బ్యాలెన్స్ ఉండదు, మూలమలుపుల జారిపోతడు, డ్రైవర్ తప్పేం లేకున్నా.


జవాబు: రాత్రి_డ్యూటీ

క్యాజువాల్టీలో పనిచేసే నర్సుగా రాస్తున్నాను తమ్ముడూ. హ్యాంగోవర్‌కి విరుగుడు మందు లేదు. లోపలికి వెళ్ళిన మద్యం ఎంత, ఎంత వేగంగా వెళ్ళింది అన్నదాన్ని బట్టే మర్నాటి పరిస్థితి. కాబట్టి నీ శక్తంతా అక్కడే పెట్టు.

ముందు లెక్క. చిన్న పెగ్గు, అంటే 30 మి.లీ. విస్కీ గానీ బ్రాందీ గానీ (మన దగ్గర అమ్మేది 42.8 శాతం) అంటే సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. క్వార్టర్, అంటే 180 మి.లీ., సుమారు 61 గ్రాములు. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు 8 శాతమైతే 41 గ్రాములు. అంటే ఒక స్ట్రాంగ్ బీరు నాలుగు చిన్న పెగ్గులతో సమానం. "బీరే కదా" అని మొదట రెండు బీర్లు కొట్టి తర్వాత విస్కీకి దిగేవాళ్ళు, విస్కీ మొదలుపెట్టకముందే ఎనిమిది చిన్న పెగ్గులు తాగేసి ఉంటారు. కలిపి తాగితే దెబ్బ కొట్టిందంటారు గానీ, కొట్టింది కలపడం కాదు, మొత్తం.

లివరు గంటకు ఇంతే అని ఖాళీ చేస్తుంది. రక్తంలో 100 మి.లీ.కి సుమారు 15 మిల్లీగ్రాములు గంటకు తగ్గుతుంది. కొందరిలో 10, కొందరిలో 20. కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా, నిమ్మకాయ నాకినా ఈ వేగం పెరగదు. కాఫీతో నిద్రమత్తు కాస్త వదులుతుంది, అంతే. మత్తులోనే ఉండి మెలకువగా ఉంటాడు, అది ఇంకా ప్రమాదం.

ఇప్పుడు నీ పొద్దున 8 గంటల ప్రశ్న. 70 కిలోల మగమనిషి 8కి మొదలుపెట్టి 12:30 లోపు ఒక క్వార్టరూ ఒక స్ట్రాంగ్ బీరూ తాగాడనుకో. మొత్తం 102 గ్రాములు. లెక్క ప్రకారం అతను చట్టం చెప్పిన 30 మిల్లీగ్రాముల హద్దు కిందికి వచ్చేసరికి ఉదయం 8 దాటుతుంది. పూర్తిగా సున్నా కావడానికి 10 దాటుతుంది. 55 కిలోల సన్నటి మనిషైతే 30కి దిగేసరికే మధ్యాహ్నం. లివరు నిదానంగా పనిచేసేవాళ్ళకి ఇంకా ఆలస్యం. ఆడవాళ్ళ ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అదే బరువుకి ఇంకా ఎక్కువ ఎక్కుతుంది. పడుకుని లేచాం కదా అన్న ధీమాతో పొద్దున డ్రైవింగ్ వద్దు. మత్తు దిగిన తర్వాత కూడా నిద్ర చాలక, చేతులు వణుకుతూ, చూపు నిలవక ఉంటారు.

పెళ్ళికొడుక్కి నా మాటగా చెప్పు: నాలుగు చిన్న పెగ్గులు, అంటే 120 మి.లీ., 8 నుంచి 10:30 మధ్యలో, అక్కడితో గ్లాసు బోర్లించాలి. 70 కిలోల మనిషైతే రాత్రి 2 గంటలకల్లా దాదాపు ఖాళీ అవుతుంది, తర్వాత పట్టేదే అసలు నిద్ర. మద్యంతో పట్టే నిద్ర మొదటి సగం మొద్దునిద్ర, రెండో సగం చెదిరిపోతుంది. మూడింటికో నాలుగింటికో గుండె దడతో మెలకువ వచ్చేది అందుకే. పడుకునే వేళకు ఒంట్లో మద్యం ఎంత తక్కువ ఉంటే మొహం అంత తేటగా ఉంటుంది.

మొదటి పెగ్గుకి ముందే అన్నం పడాలి. స్నాక్స్ కాదు, భోజనం. 7 గంటలకు పప్పన్నం నెయ్యి వేసుకుని, లేదా గుడ్లు, చపాతీ, కూర, పెరుగన్నం. కడుపులో తిండి ఉంటే, అందులోనూ కొవ్వూ మాంసకృత్తులూ ఉంటే, కడుపు నుంచి చిన్నపేగులోకి మద్యం నిదానంగా జారుతుంది. మద్యం ఎక్కువగా రక్తంలో కలిసేది చిన్నపేగులోనే. 12కి బిర్యానీ తింటే ఈ లాభం ఉండదు, ఎక్కాల్సింది అప్పటికే ఎక్కేసి ఉంటుంది. పైగా వాంతికి సరంజామా. వేయించిన పల్లీలు, మిర్చి బజ్జీ, చికెన్ 65 తక్కువ పెట్టు, వాటి ఉప్పూ కారమూ దాహాన్ని పెంచి ఇంకో పెగ్ తాగిస్తాయి, పొద్దున కడుపులో మంట. ఉడకబెట్టిన శనగలు, గుడ్లు, కీరా ముక్కలు, గ్రిల్ చేసిన చికెన్ నయం.

సోడా బదులు నీళ్ళు కలపండి, గ్యాస్ ఉంటే కొందరిలో మద్యం త్వరగా ఎక్కుతుంది. ఎనర్జీ డ్రింక్ అసలు కలపొద్దు, ఎక్కిన సంగతి తెలియకుండా తాగిస్తుంది. పెగ్గుకీ పెగ్గుకీ మధ్య ఒక గ్లాసు నీళ్ళు. దీనివల్ల మత్తు తగ్గదు, కానీ వేగం తగ్గుతుంది, ఒళ్ళు ఎండిపోదు. మద్యం వల్ల మూత్రం ఎక్కువ పోతుంది, పొద్దున నోరెండిపోవడం, తల తిరగడం సగం దాని వల్లే. పడుకునే ముందు అర లీటరు చాలు. రెండు లీటర్లు గటగటా తాగితే కక్కుకుంటారు.

వోడ్కా, జిన్ అయితే తలనొప్పి రాదని ఒక నమ్మకం ఉంది. పీపాల్లో ఏళ్ళ తరబడి ఊరిన విస్కీ, బ్రాందీ, రెడ్ వైన్‌లలో ఆల్కహాల్‌తో పాటు వేరే రసాయనాలు ఎక్కువ ఉంటాయి, అవి హ్యాంగోవర్‌ని పెంచుతాయన్నది నిజమే. కానీ మన దగ్గర చౌకగా దొరికే విస్కీ, బ్రాందీ చాలావరకు చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌కి రంగూ రుచీ కలిపినవే. రంగు చూసి అంచనా వేయడం కుదరదు. అదే మోతాదులో వోడ్కా తాగినా మర్నాడు మంచం దిగలేరు.

కొనాల్సినవి: 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు, ఓఆర్ఎస్ పొట్లాలు పది (ఒక్కో పొట్లం 20.5 గ్రాములు, లీటరు నీళ్ళకి ఒకటి, పొట్లం మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉండాలి, డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు), మూడు కిలోల పెరుగు, అరటిపళ్ళు, నిమ్మకాయలు, ఇడ్లీపిండి. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలవాలి. పొద్దున లేవగానే అది ఒక గ్లాసు చిన్న గుక్కల్లో, తర్వాత ఉప్పేసిన పల్చటి మజ్జిగ, రెండు ఇడ్లీలు. మద్యం వల్ల రక్తంలో చక్కెర పడిపోయి ఉండొచ్చు, నీరసానికి అదీ ఒక కారణం కావొచ్చు. కాబట్టి ఖాళీ కడుపుతో కాఫీ పోయకండి.

మాత్రల దగ్గర జాగ్రత్త. పడుకునే ముందు పారాసెటమాల్ వేసుకుంటే పొద్దున తలనొప్పి రాదని చెప్తుంటారు, వినొద్దు. లివరు మద్యంతో సతమతమవుతున్నప్పుడు అది కూడా అదే లివరు మీద పడుతుంది. పొద్దున టిఫిన్ తిన్నాక, రోజూ తాగే అలవాటు లేని ఆరోగ్యవంతుడు 500 మి.గ్రా. మాత్ర ఒకటి వేసుకోవచ్చు. రోజూ తాగేవాళ్ళు, కామెర్లు వచ్చినవాళ్ళు డాక్టర్ని అడగకుండా వద్దు. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ రకాలు అప్పటికే ఒరిసిన కడుపు పొరని ఇంకా కోస్తాయి. కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్, బ్రూఫెన్ మందు రెండూ ఉంటాయి. కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ ముందే వేసుకుంటే మంట కొంత తగ్గొచ్చు, హ్యాంగోవర్ ఆగదు.

పంటి నొప్పికో విరేచనాలకో మెట్రోనిడజోల్, టినిడజోల్ వాడుతున్నవాడు ఎవడైనా ఉంటే ఆ కోర్సులోనూ, అయిపోయాక మూడు రోజుల దాకా కూడా ముట్టకూడదు. మొహం ఎర్రబడి, గుండె దడ, ఆగని వాంతులు వచ్చే ప్రమాదం ఉంది. నిద్రమాత్రలు, ఆల్ప్రాజోలమ్ వేసుకునేవాళ్ళకి మద్యం ఊపిరిని అణిచేస్తుంది. ఇది అందరినీ పేరుపేరునా అడిగి తెలుసుకో.


జవాబు: కోర్టు_బెంచి

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం హద్దు 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. 70 కిలోల మనిషి ఒకేసారి రెండు చిన్న పెగ్గులు వేస్తే చాలు, దాటుతుంది. మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే 2 ఏళ్ళ వరకు, 15,000. హైదరాబాద్‌లో అయితే కోర్టుకి ముందు కౌన్సెలింగ్‌కి ఇంట్లోవాళ్ళతో రమ్మంటారు. పెళ్ళి ఇంట్లో ఆ కబురు ఎలా ఉంటుందో ఆలోచించండి.

పోలీసుల బ్రీత్ ఎనలైజర్ మెషీన్‌లో ఊదనని మొండికేస్తే లాభం లేదు. వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, ఊదకపోవడాన్నే నీకు వ్యతిరేకంగా చూపిస్తారు. సోంపు, మింటు, కిళ్ళీ వాసనని కప్పుతాయి. మెషీన్ కొలిచేది ఊపిరితిత్తుల నుంచి వచ్చే ఆవిరిని, అది మారదు. పొద్దున పూట చెకింగ్ ఉండదన్న నమ్మకం కూడా వదిలేయండి.

పక్కన కూర్చున్నవాళ్ళు తెలుసుకోవాల్సింది సెక్షన్ 188. తాగి నడపడానికి ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష. తాగినవాడి చేతిలో తాళం పెట్టి "నువ్వే నడుపు" అన్న స్నేహితుడు దీని కిందికి రావచ్చు. ప్రమాదంలో ఎవరైనా చనిపోతే కేసు నిర్లక్ష్యం దగ్గర ఆగకపోవచ్చు. భారతీయ న్యాయ సంహిత 105 పెడితే పదేళ్ళ వరకు ఉంది. తాగి నడిపినట్టు తేలితే సొంత బండి నష్టానికి బీమా రాదు. అవతలి మనిషికి బీమా కంపెనీ చెల్లించినా, ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు.

ఒకవేళ పట్టుబడితే: తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పినదాని ప్రకారం తాగి నడిపాడన్న కారణంతో బండిని పోలీసులు స్వాధీనం చేసుకుని ఉంచుకోకూడదు. తాగని, లైసెన్సు ఉన్న మనిషి పక్కన ఉంటే అతనికి ఇవ్వాలి. ఎవరూ లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిపించాలి. అక్కడ గొడవ పడకుండా ఆ మనిషికి ఫోన్ చేయండి.

పార్టీ విషయంలో ఇంకో రెండు. ఫామ్‌హౌస్‌లో మందు పెట్టే వేడుకకి ఎక్సైజ్ శాఖ ఈవెంట్ పర్మిట్ ఉంటుంది, అది తీసుకున్నారా అని యజమానిని కాగితంతో సహా అడగండి. తాగడానికి కనీస వయసు 21. రాత్రి 10 తర్వాత బయట సౌండ్ బాక్సులు ఆపేయాలి.


జవాబు: తోట_మనిషి

ఫామ్‌హౌస్ నిర్వహణ చూసే పని మాది. సాంబన్న, నర్సు అక్క చెప్పినవి పాటిస్తే సగం పని అయిపోయింది. మిగతావి చెప్తాను.

మందు తక్కువ తీసుకురండి. పదిమంది తాగేవాళ్ళు, తలా నాలుగు చిన్న పెగ్గులు అంటే 1,200 మి.లీ. రెండు ఫుల్ బాటిళ్ళు (1,500 మి.లీ.) ఎక్కువే. నాలుగు ఫుల్స్ తెస్తే నాలుగూ అయిపోతాయి. మిగిలితే రేపు తాగుదాం అనే మనిషి రాత్రి 11కి ఎవరూ ఉండరు. 30-60 స్టీలు పెగ్ మెజర్ ఒకటి కొనండి, స్టీలు సామాన్ల కొట్లో దొరుకుతుంది. చేత్తో పోస్తే మొదటి పెగ్ 60 ఉంటుంది, నాలుగోది 90 దాటుతుంది, పోసేవాడికీ తెలియదు తాగేవాడికీ తెలియదు. ఒక్కడే పోయాలి, వాడు తాగనివాడై ఉండాలి.

పూల్‌ని మొదటి పెగ్గుకి ముందే మూసేయండి. వాచ్‌మన్‌తో గేటుకి తాళం వేయించండి. ఈత రానివాడికంటే ఈత వచ్చినవాడితోనే భయం ఎక్కువ: తాగి పక్క నుంచి దూకుతాడు, నాలుగు అడుగుల లోతులో తల నేలకి కొట్టుకుంటుంది. లైట్లు ఆర్పాక నీళ్ళు కనిపించవు. మేడ మీద పిట్టగోడ నడుము కంటే తక్కువ ఎత్తు ఉంటే పైన పార్టీ పెట్టొద్దు.

చలికాలమైతే ఇది మర్చిపోవద్దు. బార్బెక్యూ అయిపోయాక మిగిలిన నిప్పులు వెచ్చగా ఉంటాయని గదిలోకి తెచ్చుకుని తలుపులేసుకుంటారు. బొగ్గు నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పొద్దున తలనొప్పి, వికారం, తూలడం అన్నీ హ్యాంగోవర్ లాగే ఉంటాయి. తాగనివాడికి కూడా తల పగిలిపోతోందంటే అది హ్యాంగోవర్ కాదు, అందరూ వెంటనే గది బయటికి వచ్చి 108కి ఫోన్ చేయాలి. నిప్పుల మీద నీళ్ళు పోసి బయటే వదిలేయండి. జనరేటర్ కూడా కిటికీకి దూరంగా ఉందో లేదో చూసుకోండి.


హల్దీ_ఏర్పాట్లు

అందరికీ చేతులెత్తి నమస్కారం. బండ్లు తీసుకెళ్ళడం మానేశాం, రెండు కార్లూ టెంపో మాట్లాడుతున్నాను. ఒకడు తాగనని ఒప్పుకున్నాడు, పెగ్ మెజర్ వాడి చేతికే. రాత్రి_డ్యూటీ అక్కా, మూడు సందేహాలు. మరీ ఎక్కువై పడిపోతే ఏం చేయాలి? షుగర్ ఉన్నవాడి సంగతి చెప్పలేదు. ఇంకొకడు పొద్దున్నే దగ్గర్లో కల్లు తెస్తాను, హ్యాంగోవర్‌కి అదే మందు అంటున్నాడు.


జవాబు: రాత్రి_డ్యూటీ

పడిపోయినవాడిని "నిద్రపోయాడులే, పొద్దున్నే లేస్తాడు" అని గదిలో వేసి తలుపు దగ్గరికి వేయకండి. చివరి పెగ్గు కడుపులోనే ఉంటుంది, పడుకున్నాక కూడా ఎక్కుతూనే ఉంటుంది. గట్టిగా పిలువు, భుజం తట్టు, చెవి తమ్మె గిల్లు. కళ్ళు తెరిచి తిట్టినా సరే, మాట వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఎడమ పక్కకి తిప్పాలి. కింది చెయ్యి ఒంటికి అడ్డంగా ముందుకు చాపాలి. పై చెయ్యి మడిచి అరచేతి వెనక వైపు చెంప కింద పెట్టాలి. పై మోకాలు మడిచి నేలకి ఆనించాలి, అప్పుడు బోర్లా పడడు, వెల్లకిలా తిరగడు. గడ్డం కొంచెం పైకెత్తి నోరు నేల వైపు ఉంచు, వాంతి వస్తే బయటికి పోవాలి. వీపు వెనక దిండు. బెల్టు, గొంతు గుండీ వదులు చెయ్యి. దుప్పటి కప్పు, ఏసీ చల్లదనం తగ్గించు, మద్యం ఒంట్లో వేడిని తీసేస్తుంది. తాగనివాడు పావుగంటకోసారి చూడాలి. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకోమను.

ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టాలి. నిమిషానికి 8 కంటే తక్కువైనా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటినా, పెదాలు గోళ్ళు నీలంగా మారినా, ఒళ్ళు చల్లబడి చెమట పట్టినా, ఎంత గిల్లినా చలనం లేకపోయినా, ఫిట్స్ వచ్చినా ఆగకుండా 108. కిందపడి తలకి దెబ్బ తగిలి ఉంటే అతనికి మత్తా, మెదడులో రక్తస్రావమా అన్నది బయటికి తెలియదు, నేరుగా ఆస్పత్రికే. వాంతిలో రక్తం కనిపించినా అంతే. నోట్లో వేలు పెట్టి కక్కించడం, మజ్జిగ, నిమ్మరసం పోయడం, బాత్రూంలో చన్నీళ్ళ కింద నిలబెట్టడం, ఇవేవీ వద్దు. స్పృహ లేనివాడి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పత్రిలో ఏం తాగాడు, ఎంత, ఎప్పటి నుంచి, ఏ మాత్రలు వేసుకున్నాడు అన్నీ దాచకుండా చెప్పండి. ఇంట్లో తెలుస్తుందని ఆలస్యం చేసిన అరగంట ప్రాణం మీదికి తెస్తుంది.

గ్లిమిపిరైడ్ వేసుకునే తమ్ముడికి: తాగకపోవడమే నా సలహా, వాళ్ళ డాక్టర్ని అడిగి నిర్ణయించుకోమను. ఆ మాత్ర చక్కెరని దించుతుంది. రక్తంలో చక్కెర పడిపోతే లివరు కొత్తగా తయారుచేసి ఇవ్వాలి, మద్యం ఆ తయారీని అడ్డుకుంటుంది. రెండూ కలిస్తే తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు గానీ మర్నాడు పొద్దున గానీ చక్కెర బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తూలడం, అర్థంలేని మాటలు చూసి "ఎక్కువైంది" అనుకుంటారు, అక్కడే ప్రాణాలు పోతాయి. గ్లూకోమీటర్ వెంట తెచ్చుకోమను. తాగినా తాగకపోయినా రాత్రి అన్నం మానకూడదు. పడుకునే ముందు 100 కంటే తక్కువుంటే రెండు చపాతీలో అన్నమో తిని పడుకోవాలి. 70 కంటే పడిపోయి మెలకువగా ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. గ్లిమిపిరైడ్ వల్ల పడిన చక్కెర ఒకసారి పెరిగినా మళ్ళీ పడుతుంది, కాబట్టి ఒక్కసారి పడినా ఆస్పత్రిలో చూపించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108. రాత్రి వెళ్ళే ఆరుగురిలో అతనుంటే ఒంటరి గదికి కాదు, ఇంట్లో మనుషులున్న చోటికి పంపండి.

కల్లు సంగతి. పొద్దున మళ్ళీ తాగితే హ్యాంగోవర్ పోదు, వాయిదా పడుతుంది, సాయంత్రానికి మళ్ళీ వస్తుంది. లేవగానే చేతులు వణుకుతూ, ఒక పెగ్ పడితే గానీ కుదుటపడనివాడు మీలో ఉంటే అది హ్యాంగోవర్ కాదు, అలవాటు ఒంటిని పట్టేసింది. అలాంటివాడు ఒక్కసారిగా ఆపినా మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, డాక్టర్ దగ్గరే మాన్పించాలి. 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

చెట్టు కింద దించిన కల్లు వేరు, ఊరి చివర దుకాణంలో సీసాలో పోసేది వేరు. రెండో రకంలో ఆల్ప్రాజోలమ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కేసులు తెలంగాణలో పదే పదే బయటపడ్డాయి. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకి ప్రాణాలు పోయాయి. రాత్రి మద్యం ఇంకా ఒంట్లో ఉండగా దాని మీద ఈ మత్తుమందులు పడితే ఊపిరి ఆగుతుంది. లేబుల్ లేని సారా ఎవరైనా తెచ్చినా పారబోయండి. అందులో మిథనాల్ (విషపు ఆల్కహాల్) ఉంటే మొదట మామూలు మత్తే ఉంటుంది. పన్నెండు గంటల తర్వాత, కొన్నిసార్లు ఒక రోజు గడిచాక, చూపు మసకబారి, కళ్ళ ముందు మంచు కురిసినట్టు కనిపిస్తుంది, ఆయాసం వస్తుంది. అప్పుడు కంటి డాక్టరు కాదు, డయాలసిస్ సౌకర్యం ఉన్న పెద్దాస్పత్రికి వెళ్ళాలి. అదే సీసా తాగిన మిగతావాళ్ళని కూడా, బాగున్నామని చెప్పినా సరే, వెంట తీసుకెళ్ళాలి.


జవాబు: స్టీరింగ్_సాంబన్న

తమ్మీ, పొద్దుగాల బండి 7:30కు అని చెప్పిన గదా, పెళ్ళికొడుకును ఆరున్నరకే లేపు. ఓఆర్ఎస్, ఇడ్లీ అయినంకనే బండెక్కియ్యి. ఖాళీ కడుపుతోని ఎక్కితే ఓఆర్ఆర్ మీద వాంతికి బండి ఆపమంటడు, ఆడ ఇష్టమొచ్చిన కాడ ఆపుడు కుదరదు. డ్రైవర్ నంబరు నీకు ఒక్కనికే కాదు, ఆ తాగని పిల్లగానికి గూడ ఇయ్యి.